బోనులో వీడియో ఆట

1976లో అమెరికా ఆటశాలల్లోకి ఒక కొత్త యంత్రం వచ్చింది. నిలువెత్తు పెట్టె, అందులో బుల్లి తెర, తెర కింద కారు స్టీరింగు. నాణెం వేస్తే కాసేపు కారు నడపవచ్చు. కారంటే నిజమైన కారు కాదు, తెల్లటి గీతల బొమ్మ. దాని ముందు అగ్గిపుల్లలు అతికించినట్లుండే చిన్న ఆకారాలు అటూ ఇటూ పరుగెత్తుతుంటాయి. ఒకదాన్ని కారుతో గుద్దామా, కీచుమని ఒక కేక వినిపిస్తుంది. ఆ చోట ఒక సమాధి గుర్తు లేస్తుంది. అంతే ఆట! పేరు ‘డెత్ రేస్’, అంటే చావు పందెం. ఎగ్జిడీ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది.

ఇవాళ ఆ ఆటను మీకు చూపిస్తే పకపకా నవ్వుతారు. ఆనాడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ‘మనుషుల్ని కారుతో తొక్కించడం పిల్లలకు నేర్పుతున్నారు!’ అని పత్రికలు గోల పెట్టాయి. ప్రమాదాల నివారణకోసం పనిచేసే జాతీయ భద్రతా మండలి ఆ యంత్రాన్ని తీవ్రంగా ఖండించింది. కంపెనీవారేమో, ‘అవి మనుషులు కావు, భూతాలు’ అని సమాధానం చెప్పుకొన్నారు. విచిత్రమేమంటే, గొడవ పెరిగినకొద్దీ ఆ యంత్రానికి గిరాకీ కూడా పెరిగింది.

వీడియో ఆటను బోనెక్కించడం అలా మొదలైంది. 1982లో అమెరికా ప్రభుత్వపు అత్యున్నత వైద్యాధికారి ఎవరెట్ కూప్, పిట్స్‌బర్గ్ నగరంలో మాట్లాడుతూ వీడియో ఆటలు పిల్లలకు హాని చేస్తున్నాయన్నాడు. మర్నాటికల్లా, అది తన సొంత అభిప్రాయమేననీ, దానికి శాస్త్రీయమైన ఆధారాలు లేవనీ ప్రకటించవలసి వచ్చింది. మన దేశంలోనూ ఈ విచారణ జరగకపోలేదు. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు పబ్‌జీ ఆటను నిషేధించి, ఫోనులో ఆ ఆట ఆడుతున్న కొందరు యువకులను అరెస్టు కూడా చేశారు! 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం అదే ఆటను నిషేధించింది గాని, దానికి చెప్పిన కారణం హింస కాదు. వాడేవారి సమాచారం దేశం దాటిపోతున్నదని. 2021లో ఆ ఆటే వేరే పేరుతో మన దేశానికి తిరిగి వచ్చినప్పుడు, అందులో తూటా తగిలితే చిమ్మే రక్తానికి ఆకుపచ్చ రంగు వేశారు. రంగు మారిస్తే హింస తగ్గుతుందా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

వీడియో ఆట మీద ఉన్న అభియోగాలు రెండు. ఒకటి, అది పిల్లల్ని హింసకు పురికొల్పుతుందని. రెండు, అందులో అశ్లీలం ఉంటుందని. ఈ రెండింటినీ అందరూ ఒక్క గాటన కట్టేస్తారు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటికి సమాధానం వెతికే పద్ధతులు కూడా వేరు. మొదటిదానితో మొదలుపెడదాం.

బొమ్మల కథల మీద కేసు

బోనులో వీడియో ఆటకంటే ముందు నిలబడిన ముద్దాయి ఒకటుంది. అది బొమ్మల కథల పుస్తకం.

ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు న్యూయార్కులో ఉండేవాడు. మంచి మనిషి. పేద నల్లజాతివారికోసం హార్లెమ్ పేటలో 1946లో వైద్యశాల తెరిచిన పుణ్యాత్ముడు. దొంగతనాలు, కొట్లాటలు చేసి పట్టుబడిన పిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. ‘బొమ్మల కథలు చదువుతావా?’ అని ఆయన అడిగితే ‘చదువుతాను’ అనేవారు. ఇంకొకణ్ణి అడిగినా అదే సమాధానం. నేరాలకు మూలం దొరికిందనుకొన్నాడు వెర్థామ్. 1954లో అమాయకులైన పిల్లల్ని ఈ పుస్తకాలు చెడగొడుతున్నాయంటూ ఒక పెద్ద పుస్తకం రాశాడు. అదే సంవత్సరం అమెరికా సెనేట్ విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి తమమీద తామే కఠినమైన నియమాలు విధించుకొన్నారు. ఎన్నో పత్రికలు మూతపడ్డాయి.

ఇందులో పొరపాటు ఎక్కడుందో మీరు పట్టుకోగలరా? ఒక్క క్షణం ఆగి ఆలోచించండి.

ఆ రోజుల్లో అమెరికాలో దాదాపు పిల్లలందరూ బొమ్మల కథలు చదివేవారు. నేరం చేసినవాళ్ళూ చదివారు, చెయ్యనివాళ్ళూ చదివారు. వెర్థామ్ తన దగ్గరికి వచ్చినవాళ్ళనే అడిగాడు గాని, ఇంట్లో బుద్ధిగా కూర్చుని లెక్కలు చేసుకొంటున్నవాళ్ళను అడగలేదు. దొంగలందరూ చిన్నప్పుడు అన్నం తిన్నవాళ్ళే గదా! కనుక అన్నం తింటే దొంగలవుతారని అంటామా? ఏదైనా ఒకటి ఇంకొకదానికి కారణమని చెప్పాలంటే, అది ఉన్నచోటా చూడాలి, లేనిచోటా చూడాలి. రెండింటినీ పోల్చాలి. సైన్సులో ఇది మొదటి పాఠం.

ఈ కథకు ఇంకొక తోక ఉంది. వెర్థామ్ దాచుకొన్న కాగితాలను చాలా ఏళ్ళ తర్వాత అమెరికా జాతీయ గ్రంథాలయం పరిశోధకులకోసం తెరిచింది. కెరొల్ టిల్లీ అనే అధ్యాపకురాలు వాటిని పుస్తకంతో పక్కపక్కన పెట్టి చదివి, 2012లో తాను కనుగొన్నది ప్రచురించింది. పిల్లలు చెప్పిన మాటలను వెర్థామ్ చాలాచోట్ల మార్చాడు, ఇద్దరి మాటలను కలిపి ఒకరివిగా రాశాడు, తన వాదానికి పనికిరాని సంగతులు వదిలేశాడు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఋజువు మంచిదై పోదు.

కాకీ తాటిపండూ

తాటిచెట్టు మీద కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందని చూసినవాడు అనుకొన్నాడు. పండు ఎప్పుడో మగ్గి ఉంది, కాకి వచ్చినా రాకున్నా రాలేదే. ఇటువంటి దాన్నే మన పెద్దలు ‘కాకతాళీయం’ అన్నారు. కాకం అంటే కాకి, తాళం అంటే తాడి. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకొంటే, పత్రికల్లో వచ్చే సగం శాస్త్రవార్తలను మీరే పరీక్ష చేయగలరు.

1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ అనే ఊరి ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో చొరబడ్డారు. ఆ రోజు పన్నెండుమంది విద్యార్థులనూ, ఒక ఉపాధ్యాయుణ్ణీ చంపి, తామూ చచ్చిపోయారు. ఆ ఇద్దరూ ‘డూమ్’ అనే తుపాకుల ఆట ఆడేవారని తెలిసింది. ఇంకేం, దొరికింది కారణం! కాని 1993లో వచ్చిన ఆ ఆటను అప్పటికే లక్షలాది మంది ఆడారు. వాళ్ళలో దాదాపు ఎవరూ బడికి తుపాకి తీసుకెళ్ళలేదు. మరి వాళ్ళను లెక్కలోకి తీసుకోవద్దా?

ఈ దారుణం తర్వాత అమెరికా సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి ఒక పని చేశాయి. 1974 నుంచి 2000 వరకు బడులలో జరిగిన 37 దాడులను, వాటికి ఒడిగట్టిన 41 మందినీ తీసుకొని ఒక్కొక్కరి జీవితాన్ని తరచి చూశాయి. హింసాత్మకమైన వీడియో ఆటల మీద ఆసక్తి చూపినవారు ఎంతమందనుకొంటున్నారు? నూటికి 12. హింస ఉన్న సినిమాల మీద ఆసక్తి చూపినవారు 27. హింస ఉన్న పుస్తకాల మీద, 24. అన్నిటికంటే పెద్ద అంకె వేరొకటుంది: తమ సొంత రాతల్లో, అంటే డైరీల్లో, వ్యాసాల్లో, పద్యాల్లో హింసను గురించి రాసుకొన్నవారు 37. ఆ పిల్లలు లోపల ఉడికిపోతున్న సంగతి వాళ్ళ నోటుపుస్తకాలలోనే ఉందన్నమాట.

ఆ నివేదికలో ఇంకో రెండు అంకెలున్నాయి. తోటివారు తమను వేధించారనో, హింసించారనో బాధపడినవారు నూటికి 71 మంది. తుపాకిని తమ ఇంట్లోనుంచో, బంధువుల ఇంట్లోనుంచో తెచ్చుకొన్నవారు 68 మంది. ఈ రెండు అంకెలూ చదివాక వీడియో ఆట వైపు వేలు చూపించేవారిమీద నాకు కొంచెం కోపమే వస్తుంది. పండు మగ్గుతున్నప్పుడు ఎవరూ చూడలేదు. రాలాక అందరూ కాకిని వెతుకుతున్నారు.

ఇంకొక తిరకాసు చూడండి. మగపిల్లలు ఆడపిల్లలకంటే తుపాకుల ఆటలు ఎక్కువ ఆడతారు. మగపిల్లలు ఎక్కువ కొట్లాడతారు కూడా. ఈ తేడాను పక్కకు తియ్యకుండా ‘ఆటలు ఆడేవారు ఎక్కువ కొట్లాడుతున్నారు’ అని లెక్క కడితే, మనం కొలిచింది ఆటనా, మగతనాన్నా? అలాగే, సహజంగా దూకుడు ఎక్కువున్నవాడికి దూకుడు ఆటలే నచ్చవచ్చు. అప్పుడు కారణమూ ఫలితమూ తారుమారవుతాయి.

ఆటను వెనకేసుకొచ్చేవారు కూడా ఇదే గోతిలో పడతారు. అమెరికాలో 1990ల మధ్యనుంచి వీడియో ఆటల అమ్మకాలు ఆకాశానికి ఎగబాకాయి. అదే కాలంలో పిల్లల హింసాత్మక నేరాలు బాగా తగ్గాయి. ‘చూశారా, ఆటలు నేరాలను తగ్గించాయి!’ అని కొందరు చంకలు గుద్దుకొన్నారు. అదీ కాకతాళీయమే కావచ్చు. ఆటలు పెరిగినా నేరాలు పెరగలేదని మాత్రమే ఆ లెక్కవల్ల తెలుస్తుంది.

అరుపుల యంత్రం, మిరపకాయల సాసు

అయితే ప్రయోగం చేసి తేల్చవచ్చు గదా అంటారు మీరు. చేశారు. కాని ఇందులో ఒక చిక్కుంది. కొందరిచేత ఆట ఆడించి, ఎవరు ఎవరిని పొడుస్తారో చూద్దామని ఏ శాస్త్రజ్ఞుడూ అనలేడు. హింసకు బదులుగా ప్రమాదం లేనిది ఏదో ఒకటి కొలవాలి. దానికోసం వాళ్ళు కనిపెట్టిన ఉపాయాలు భలే తమాషాగా ఉంటాయి.

ఒకటి అరుపుల యంత్రం. మీరు ఇరవై నిమిషాలో ముప్ఫై నిమిషాలో వీడియో ఆట ఆడతారు. తర్వాత పక్క గదిలో ఉన్న ఒక మనిషితో పోటీ. గంట మోగగానే ఎవరు ముందు మీట నొక్కితే వాళ్ళు గెలిచినట్లు. ఓడినవాడి చెవుల్లో బర్రుమని కర్కశమైన మోత వినిపిస్తుంది. ఆ మోత ఎంత గట్టిగా, ఎంతసేపు ఉండాలో మీరే నిర్ణయించవచ్చు. నిజానికి పక్క గదిలో ఎవరూ ఉండరు, అంతా యంత్రం మాయ. క్రెయిగ్ ఆండర్సన్, కేరెన్ డిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రసిద్ధమైన ప్రయోగం ఇటువంటిదే. కాలేజీ విద్యార్థులలో కొందరిచేత కాల్పుల ఆట ‘వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ’, మరికొందరిచేత తీరిగ్గా చిక్కుముడులు విప్పుకొనే ఆట ‘మిస్ట్’ ఆడించారు. ఓడిపోయిన తర్వాత, కాల్పుల ఆట ఆడినవారు మోతను కాస్త ఎక్కువసేపు మోగించారు.

రెండో ఉపాయం మిరపకాయల సాసు. కారం అంటే గిట్టని ఒకాయన పక్క గదిలో ఉన్నాడని చెప్పి, ఆయన తినడానికి సాసు కలపమంటారు. ఎంత కారం, ఎన్ని చెంచాలు వేశారో అదే మీ దూకుడుకు కొలత. గుంటూరువాళ్ళతో ఈ ప్రయోగం చేస్తే కొలతలన్నీ తలకిందులవుతాయేమో!

నవ్వులాటకు అన్నా, ఈ ఉపాయాలను తేలిగ్గా తీసిపారెయ్యనక్కరలేదు. మనసులోని దూకుడును కొలవడం గుడ్డ కొలిచినంత సులభం కాదు. అయితే ఫలితాలను వార్తగా మార్చేటప్పుడు జరిగే గారడీని మాత్రం గమనించాలి. ప్రయోగశాలలో కొలిచింది దూకుడు, అంటే చిరాకు, విసురు, కసి. వార్తలో వచ్చేది హింస. మోతను క్షణంసేపు ఎక్కువ మోగించినవాడికీ, కత్తి పట్టుకొన్నవాడికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

అరుపుల యంత్రంతో ఇంకో ఇబ్బంది ఉంది. మోత గట్టిదనాన్ని లెక్కించాలా, ఎంతసేపు మోగిందో లెక్కించాలా? మొదటి మోతనా, అన్నిటి సగటునా? ఓడినప్పటివా, గెలిచినప్పటివా? మాల్టె ఎల్సన్ అనే జర్మన్ పరిశోధకుడు ఈ పద్ధతి వాడిన 130 పరిశోధనాపత్రాలను ముందు వేసుకొని లెక్కపెడితే, మార్కులు వేసే పద్ధతులు 150కి పైగా తేలాయి! పత్రాలకంటే పద్ధతులే ఎక్కువ. ముందు గోలీ విసిరి, అది ఆగినచోట గుంట తవ్వి, ‘చూశారా నా గురి!’ అన్నట్లుంటుంది ఈ వ్యవహారం. అందరూ కావాలని మోసం చేశారని కాదు. ఎన్నో దారులున్నప్పుడు మనసు తనకు నచ్చిన దారినే పోతుంది.

మూడో ఇబ్బంది మీలో ఆటలు ఆడేవారికి వెంటనే తట్టే ఉంటుంది. కాల్పుల ఆటకూ చిక్కుముడుల ఆటకూ తేడా ఒక్క నెత్తురేనా? ఒకటి వేగం, ఒకటి నెమ్మది. ఒకదానిలో పోటీ, ఒకదానిలో విశ్రాంతి. కెనడాలో పాల్ అడాచీ, టీనా విలబీ అనేవారు ఈ సంగతి పట్టుకొన్నారు. హింస ఉన్న ఆటనూ, హింస లేని కార్ల పందెం ఆటనూ ఏరి, పోటీతత్వంలోనూ వేగంలోనూ కష్టంలోనూ రెండూ సమానంగా ఉండేటట్లు చూశారు. 2011లో ప్రచురించిన వారి ఫలితం ఇది: హింస ఉన్నా లేకున్నా సాసులో కారం ఒకటే. పోటీ తీవ్రంగా ఉన్న ఆటల తర్వాతనే కారం పెరిగింది. 2014లో బ్రిటన్, అమెరికా పరిశోధకులు ఇంకో గమ్మత్తు చేశారు. ఇటుకలు పేర్చుకొనే ‘టెట్రిస్’ ఆటను పాడుచేసి, ఆటగాడికి అక్కరకు రాని ముక్కలే పడేటట్లు చేశారు. నెత్తురు చుక్క లేని ఆట! ఆడినవాళ్ళకు ఒళ్ళు మండిపోయింది. వీధి క్రికెట్‌లో అవుట్ కానివాణ్ణి అవుట్ అన్నప్పుడు జరిగేది మీకు నేను చెప్పనక్కరలేదు.

రోజుల తరబడి చూస్తే

అరగంట ఆటతో ఏం తెలుస్తుంది, ఏళ్ళ తరబడి ఆడితే గదా అసలు సంగతి అని మీరనవచ్చు. సబబైన మాటే. జర్మనీలో సిమోన్ క్యూన్ బృందం 77 మంది పెద్దవాళ్ళను మూడు జట్లు చేసింది. ఒక జట్టు రెండు నెలలపాటు రోజూ నేరాల ఆట ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ ఆడాలి. రెండో జట్టు ఇల్లూ సంసారమూ నడుపుకొనే ‘సిమ్స్’ ఆడాలి. మూడో జట్టు ఏమీ ఆడకూడదు. ముందూ తర్వాతా, మళ్ళీ రెండు నెలలకూ పరీక్షలు పెట్టారు. నేరాల ఆట ఆడినవారిలో దూకుడు పెరగలేదని 2018లో ప్రకటించారు.

పిల్లల సంగతికి వస్తే, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ షిబిల్స్కీ, కార్డిఫ్‌కు చెందిన నెట్టా వైన్‌స్టైన్ 2019లో ప్రచురించిన పరిశోధన చెప్పుకోదగినది. వాళ్ళు ఎన్నుకొన్నది సరిగ్గా మీ ఈడువాళ్ళనే: 14, 15 ఏళ్ళ బ్రిటన్ పిల్లలు 1004 మంది. ఏ ఆటలు ఆడుతున్నారో పిల్లల్ని అడిగారు. ఆ పిల్లల ప్రవర్తన ఎలా ఉందో వాళ్ళ పెద్దల్ని అడిగారు. ఏ ఆటలో ఎంత హింస ఉందో ఆడేవాళ్ళ నోటినుంచి కాక, ప్రభుత్వం గుర్తించిన వర్గీకరణలనుంచి తీసుకొన్నారు. అన్నిటికంటే ముఖ్యం, లెక్క ఎలా కట్టబోతున్నామో సమాచారం చేతికి రాకముందే రాసి, అందరూ చూసే చోట నమోదు చేశారు. అంటే గుంట ముందే తవ్వి, తర్వాత గోలీ విసిరారన్నమాట. హింసాత్మకమైన ఆటలకూ పిల్లల దూకుడుకూ సంబంధం కనిపించలేదు.

దీనితో కేసు కొట్టేశారనుకోకండి. 2018లో మరికొందరు, ఎన్నో దేశాలలో జరిగిన 24 అధ్యయనాలను, 17,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూశారు. ఆ ఆటలు ఎక్కువ ఆడినవారిలో కొన్నాళ్ళకు కొట్లాటలు కాస్త పెరిగినట్లే కనిపించింది. ఎంత కాస్త? పిల్లల మధ్య దూకుడులో ఉండే తేడాలన్నిటినీ వంద పాళ్ళనుకొంటే, ఆటల వాటా ఒక పాలు అటూ ఇటూగా. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2020లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. అరవడం, తోసుకోవడం వంటి దూకుడు పనులతో ఆటలకు చిన్న సంబంధం ఉంది. నిజమైన హింసకు ఆటలే కారణమనడానికి మాత్రం చాలినంత ఆధారం లేదు, అలా అంటే అసలు కారణాలు మరుగున పడతాయి.

న్యాయస్థానమూ ఈ మాటే అన్నది. పిల్లలకు హింసాత్మకమైన ఆటలు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేసింది. దానిమీద సంతకం పెట్టిన గవర్నరు ఎవరో తెలుసా? ‘టెర్మినేటర్’ సినిమాలో కనిపించినవాళ్ళనల్లా కాల్చిపారేసిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్! అమెరికా సుప్రీంకోర్టు 2011 జూన్‌లో, తొమ్మిదిమందిలో ఏడుగురు న్యాయమూర్తుల అంగీకారంతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. చూపించిన అధ్యయనాలు కారణాన్ని ఋజువు చెయ్యడం లేదన్నది. పిల్లల కథల్లో నెత్తురు కొత్త కాదని కూడా గుర్తుచేసింది. ఆ మాట మనకూ వర్తిస్తుంది. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చిన కథ వింటూ నిద్రపోయిన పిల్లలమే మనమంతా.

రెండో అభియోగం

ఇప్పుడు అశ్లీలం సంగతి. ఇక్కడ నా తీర్పు కొంచెం వేరు.

1982లో ‘కస్టర్స్ రివెంజ్’ అనే ఆటొకటి అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కట్టివేసి ఉన్న ఒక ఆదివాసీ స్త్రీమీద అత్యాచారం చెయ్యడమే అందులో ఆట. స్త్రీల సంఘాలు, ఆదివాసులు మండిపడి వీధికెక్కారు. ఆ ఆట ఆడినవాడు బయటికి వచ్చి నేరం చేస్తాడా లేదా అని అరుపుల యంత్రంతో తేల్చేదాకా వాళ్ళు ఆగాలా? అక్కరలేదు. ఒక జాతినీ, ఒక స్త్రీనీ అంత నీచంగా చూపించడమే తప్పు. ప్రతి తప్పుకూ ‘దీనివల్ల ఏం జరుగుతుంది’ అన్న ఋజువు కావాలనుకోవడం కూడా పొరపాటే.

అలాగని ఆవేశంలో అన్నీ ఒకటేనని అనకూడదు. 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణలో ‘నైట్ ట్రాప్’ అనే ఆటను దుయ్యబట్టారు. అమ్మాయిలను వలపన్ని పట్టే ఆటగా దాన్ని వర్ణించారు. నిజానికి అందులో ఆటగాడి పని ఆ అమ్మాయిలను రక్షించడం! ఆ విచారణ పుణ్యమా అని, ఏ ఆట ఏ వయసువారికి తగునో పెట్టె మీద ముద్రించే పద్ధతి 1994లో వచ్చింది. అది మంచి పనే. పదేళ్ళ పిల్లవాడికి తగనిది ఇరవై ఏళ్ళవాడికి తగవచ్చు.

ఈ ముద్రలో కూడా ఒక వింత దాగి ఉంది. 2004లో వచ్చిన ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ ఆటలో దారిన పోయేవాళ్ళను కొట్టవచ్చు, కాల్చవచ్చు. దానికి పదిహేడేళ్ళు దాటినవారికి తగునన్న ముద్ర వేశారు. మరుసటేడు, ఆ ఆట లోపల తయారీదారులు దాచి వదిలేసిన ఒక లైంగిక దృశ్యాన్ని ఎవరో తవ్వి బయటికి తీశారు. అంతే, పెద్ద దుమారం! ముద్రను పద్దెనిమిదికి మార్చారు, పెద్ద పెద్ద దుకాణాలు ఆ ఆటను అరలనుంచి తీసేశాయి. కాల్పులకు కదలని దుకాణాలు ఆ దృశ్యానికి కదిలాయి. ఏది పిల్లలకు ఎంత చెరుపు అన్న నిర్ణయంలో సైన్సు పాలెంత, సమాజపు అలవాటు పాలెంత అన్నది ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తుంది.

ఆటల్లో ఆడవాళ్ళను చూపించే తీరు వల్ల ఆడేవాళ్ళ బుద్ధి మారుతుందా? జర్మనీలో 824 మంది ఆటగాళ్ళను మూడేళ్ళపాటు గమనించి, 2015లో ఫలితం ప్రకటించారు. ఎక్కువ ఆడినవారిలో ‘ఆడవాళ్ళు ఇంటికే పరిమితం కావాలి’ వంటి భావాలు పెరగలేదు. కాని వాళ్ళు కొలిచింది ఎంతసేపు ఆడారు, ఏ తరహా ఆటలు ఆడారన్నదే. ఆ ఆటల్లో ఆడవాళ్ళ బొమ్మ ఎలా ఉందో విడిగా కొలవలేదు. కనుక ఈ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

ఇన్నాళ్ళూ అందరూ తెరమీది బొమ్మనే చూస్తూ వచ్చారు. ఇప్పటి ఆటల్లో తెరకు అవతల ఇంకో మనిషి కూర్చుని ఉంటాడు, చెవిలో మాట్లాడుతుంటాడు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ అనే ఇద్దరు ఈ వైపు చూశారు. నెట్‌లో ఒకరితో ఒకరు తలపడే ‘హేలో 3’ ఆటను ఎన్నుకొన్నారు. కొన్ని ఆటల్లో మగగొంతుతో ముందే రికార్డు చేసిన మామూలు మాటలు వినిపించారు, ‘అందరికీ నమస్కారం’ వంటివి. కొన్ని ఆటల్లో అవే మాటలు ఆడగొంతుతో. కొన్నిటిలో అసలు మాటే లేదు. ఆట అదే, తుపాకులు అవే, నెత్తురూ అంతే. మారింది గొంతు ఒక్కటే. ఆడగొంతు వినిపించినప్పుడు, అవతలివాళ్ళనుంచి వచ్చిన తిట్లూ ఎత్తిపొడుపులూ, మగగొంతుకు వచ్చినవాటికంటే సగటున మూడు రెట్లు ఎక్కువ. ఆ మాటలు ఏ కంపెనీవారూ ఆటలో రాసిపెట్టినవి కావు. అవి ఆడేవాళ్ళ నోటినుంచి వచ్చినవే.